లేవు అనకూడదు

నేను గుడివాడదాన్ని. మా అత్తవారి వైపు వాళ్ళు ఈ సంగతిని ఏదో జబ్బు పేరు చెప్పినట్టు చెబుతారు. "గుడివాడ కోతలు" అని మా వదిన పెట్టిన పేరు. మాకు పొలం లేదు కాబట్టి నోటితోనే కోసేదాన్ని. బందరు ఉప్పుగాలికి మా గోడ మీద బల్లులు తుమ్ముతాయనీ, ఆ తుమ్ము శకునమా కాదా అని వీధి వీధంతా పంచాయితీ పెట్టుకున్నారనీ నేను చెబితే నమ్మినవాళ్ళున్నారు. నమ్మనిది వదిన ఒక్కతే. ఊరికే నమ్మకపోవడం కాదు, అడ్డుప్రశ్న వేసేది.

"పంచాయితీకి పెద్దెవరే?" అనేది. చెప్పేదాన్ని. "ఆయన ఇల్లు కాలవకి ఇవతలా, అవతలా?" అనేది. ఎంత పెద్ద అబద్ధమైనా ఆ కాలవ దగ్గరికొచ్చేసరికి నాకు కాలు జారేది.

వదినంటే మా ఆయనకి అక్క. చిలకలపూడిలో ఉండేది. గిల్టు నగలకి రాళ్ళు పొదిగే పని. పుల్ల కొసకి కాస్త మైనం అంటించి, ఆవగింజంత రాయిని దాంతో ఎత్తి, దాని గుంటలో దాన్ని కూర్చోబెట్టేది. వాళ్ళాయన పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక తిన్నగా మా ఇంటికొచ్చి, అన్నం తిని, నన్ను నాలుగు దెప్పి, మిగిలిన కూర గిన్నెలో పెట్టించుకుని వెళ్ళేది. "నీ కూరకంటే నీ కోతలే నయం, వాటిలో ఉప్పు సరిపోతుంది" అనేది వెళ్తూ.

నేను బందరులో ఒక చిన్న ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చుంటాను. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, లోపలికి పంపడం, పోట్లాడుకునేవాళ్ళని విడదీయడం. నాకు కాస్త ఇంగ్లీషు వచ్చు. ఆ పాపానికి, హాలెండులో డాక్టరు చదువుతున్న ఒకమ్మాయి మా ఆసుపత్రికొస్తే డాక్టరుగారు ఆ పిల్లని నా చేతిలో పెట్టారు. ఉండడం మా ఇంట్లో, తిరగడం నా వెంట. ఆ పిల్ల వచ్చిన పనిని షాడోయింగ్ అంటారట. అంటే నీడలా డాక్టరు వెనక తిరగడం. అన్నీ చూడొచ్చు. రోగిని ముట్టుకోకూడదు, రోగం సంగతి నోరెత్తకూడదు. ఆయాలకి ఈ మాట తెగ నచ్చింది. "నీడమ్మాయ్ టిఫిన్ తిందా?" అనేవాళ్ళు.

పొడుగ్గా, వెల్లుల్లిపాయ రంగులో ఉండేది. ముక్కుసూటి మనిషి. వచ్చిన కొత్తలోనే నేను డచ్చివాళ్ళ సమాధుల దగ్గరికి తీసుకెళ్ళి, ఒక పాత రాయి చూపించి, "ఇదిగో, మీ ముత్తాతకి ముత్తాత. మిరియాలు కొనడానికొచ్చి మా ఊరి అమ్మాయిని చూసి తిరిగి వెళ్ళలేకపోయాడు" అన్నాను. ఆ పిల్ల వంగి రాతి మీద అక్షరాలు చదివింది. అది వాళ్ళ భాషేనన్న సంగతి నేను మరిచిపోయాను.

"ఆంటీ, ఈయన పేరు వేరు. ఈయనకి పెళ్ళి కూడా కాలేదని రాసుంది."

"బందరు చెమ్మకి స్పెల్లింగ్ మారిపోతుందమ్మా" అన్నాను.

నవ్వలేదు. అబద్ధాన్ని చూసి నవ్వాలని వాళ్ళకి ఎవరూ నేర్పలేదనుకుంటాను.

ఆసుపత్రిలో మొదటి వారం ఆ పిల్ల ముఖం చూస్తే నాకే జాలేసేది. ఒక్క మనిషికి జ్వరమొస్తే వెంట ఆరుగురు రావడం. కోడలికి ఎక్కడ నొప్పో డాక్టరు అత్తగారిని అడగడం, అత్తగారు తన నడుము మీదే చెయ్యి పెట్టి చూపించడం. ఇంకా పెళ్ళి కాలేదా అని మంచం మంచానికీ తననే అడగడం. ఇంటికొచ్చాక దోమతెరలో కూర్చుని, "అక్కడ తలుపు వేసి ఉన్న గది ఒక్కటీ లేదు ఆంటీ" అంది. తలుపు వేస్తే ఫ్యాన్ గాలి రాదని చెప్పాను. ఆ పిల్ల అడిగింది అది కాదు.

తెలుగు మాత్రం ఇష్టంగా నేర్చుకుంది. ఓ సాయంత్రం వంటింట్లోంచి మా ఆయన్ని కేకేసి, "ఏవండీ, బియ్యం నిండుకున్నాయి" అన్నాను. ఆ పిల్లకి నిండడమంటే తెలుసు, బిందె నిండడం నేర్పాను. వచ్చి డబ్బా మూత తీసి చూసింది. అడుగు కనపడుతోంది.

"ఆంటీ, ఇది ఖాళీ."

"ఖాళీయే. కానీ ఇంట్లో బియ్యం లేవు అనకూడదు. ఆ మాట అంటే నిజంగానే లేకుండా పోతాయంటారు. నిండుకున్నాయి అంటాం. విన్నవాళ్ళకి అర్థమవుతుంది."

డబ్బాలోకి ఇంకోసారి తొంగి చూసింది. తర్వాత తనలో తనే రెండుసార్లు అనుకుంది: "నిండు-కున్నాయి." పోపు ఘాటుకో ఏమో తుమ్మింది. "నూరేళ్ళు" అన్నాను అలవాటుగా. అంటే ఏమిటని అడిగింది. నూరేళ్ళు నిండుగా బతకమని దీవెన అన్నాను. అక్కడే వచ్చింది తంటా.

మర్నాడు వార్డులో నిండు చూలాలొకామె ఉంది. నీడమ్మాయి తన తెలుగు చూపించుకోవాలని ముచ్చటపడి, ఆమె పొట్ట వంక చూసి నవ్వుతూ, "అమ్మా, నూరేళ్ళు నిండాయా?" అంది.

అత్తగారి చేతిలో చెంబు కింద పడింది. "ఏం కూసింది ఈ తెల్లపిల్ల? నా కోడలికి నూరేళ్ళు నిండాయా అంటదా? దాని నోట్లో..."

నేను అడ్డం పడ్డాను. "అమ్మా అమ్మా, తిట్టకండి. వాళ్ళ దేశంలో కాన్పుకి ముందు రాణీగారు కూడా ఇదే మాటనిపించుకుంటుంది. బిడ్డకి ముందే నూరేళ్ళు రాసిచ్చేయడమన్నమాట. ఇది ఊరికే అనరు, ఈ పిల్ల వచ్చేప్పుడు ప్రత్యేకంగా పర్మిషన్ తెచ్చుకుంది."

అత్తగారు మెత్తబడి, "అయితే ఇంకోసారి అనమనండి" అంది.

బయటికొచ్చాక ఆ పిల్లకి విడమరిచి చెప్పాను. నెలలు నిండితే బిడ్డ పుడుతుంది. నూరేళ్ళు నిండితే మనిషి పోతారు, ఇరవై ఏళ్ళకి పోయినా నూరేళ్ళు నిండాయనే అంటాం. బియ్యం నిండుకుంటే డబ్బా ఖాళీ.

"మీ భాషలో నిండడమంటే భయంగా ఉంది" అంది.

ఆదివారం వదినకి ఈ కథంతా చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆ పొట్ట అలాగే పట్టుకుని గోడకి ఆనుకుంది. చాలా రోజులుగా నొప్పిగా ఉందనీ, సోడా తాగుతున్నాననీ అప్పుడు చెప్పింది.

మా ఆసుపత్రిలోనే చేర్చాం. విజయవాడ తీసుకెళ్ళి స్కాన్ తీయించుకొచ్చాం. డాక్టరుగారు నన్నూ మా ఆయన్నీ గదిలోకి పిలిచారు. నీడమ్మాయి గోడ పక్కన నిలబడి ఉంది. కడుపులో గడ్డ, కాలేయం దాకా పాకింది, కోతకి లొంగేది కాదు అన్నారు. "ఏదడిగితే అది పెట్టండమ్మా" అన్నారు. ఆ ఒక్క ముక్కతో మాకు మిగతాదంతా తెలిసిపోతుంది. మా ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, "అక్కకి తెలియనివ్వకండి సార్" అన్నారు. డాక్టరుగారు తలూపారు. నేనూ తలూపాను. ఇందులో ఆలోచించాల్సిందేముంది?

వరండాలో ఆ పిల్ల నన్ను పట్టుకుంది.

"ఆవిడకి ఎప్పుడు చెప్తారు?"

"చెప్పరు."

"మరి జబ్బు ఎవరిది ఆంటీ?"

"ఇంట్లో అందరిదీ" అన్నాను.

వాళ్ళ అమ్మమ్మకి డాక్టరు ఎదురుగా కుర్చీ వేసుకుని చెప్పాడట, ఇన్ని నెలలు అని. ఆవిడ థాంక్స్ చెప్పి కాఫీ తాగి, తన అంత్యక్రియలకి ఏ పాట పాడాలో తనే ఎంచుకుందట. వింటుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. పెద్దావిడని అలా ఎండలో నిలబెట్టినట్టు నిలబెట్టి చెప్పడానికి నోరెలా వచ్చింది వాళ్ళకి? ఆ పిల్లకీ మా మీద అదే అనిపించిందని దాని కళ్ళే చెప్పాయి. ఆ పూట అన్నం వద్దంది.

వదిన నన్నే అడిగింది. "ఏమన్నాడే డాక్టరు?"

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. "ఏం లేదు వదినా. నీరు చేరిందట. ఉప్పుగాలి పడని ఒళ్ళు కొందరిది. ఘంటసాల ఊళ్ళో ఒకావిడకి అచ్చం మీలాగే వచ్చిందట. పొట్ట ఇంతైపోయి, చుట్టాలందర్నీ పిలిపించేశారట. ఈయన మందు వాడాక మూణ్ణెల్లలో లేచి వడ్లు తూర్పారబట్టింది. మొన్న వాళ్ళ మనవడి పెళ్ళికి ఈయన్ని పిలిచి, బంతిలో ముందు కూర్చోబెట్టి, గోంగూర రెండుసార్లు వడ్డించిందట."

వదిన కళ్ళు మూసుకుని వింది. "ఆవిడ ఇల్లు కాలవకి ఇవతలా, అవతలా?"

"అవతల" అన్నాను. తడబడలేదు. అదే నా మొదటి తప్పు, తర్వాత తెలిసింది.

"సరే. అయితే ఒకటి చెప్పు. నేను దివిసీమ వెళ్ళాలి. మా అమ్మ సమాధి చూడాలి, సముద్రంలో కలిసే ఆ ఏటి మొగ చూడాలి. ఇప్పుడే వెళ్ళనా, క్రిస్మస్ దాకా ఆగనా?"

మా ఆయన అందుకున్నారు. "క్రిస్మస్‌కి వెళ్దాం అక్కా, కారు మాట్లాడతాను. ఈలోపు ఓపిక తెచ్చుకో. ఇప్పుడు ఆ గోతుల్లో నువ్వు కూర్చోలేవు."

"అమ్మ పక్కన కాస్త చోటుందిరా. దాన్ని..."

"ఆ మాటలొద్దు అక్కా!"

ఆ వారంలో ఆవిడ ఈ మాట ఎన్నిసార్లు మొదలుపెట్టిందో, అన్నిసార్లూ మేం మూత పెట్టేశాం. చూడ్డానికొచ్చిన సంఘం వాళ్ళూ అంతే. "మీకేంటండీ, రాయిలా ఉన్నారు" అనేవాళ్ళు. సెలైన్ ఎక్కుతోంది, కాళ్ళు వాస్తున్నాయి, పక్కమీంచి లేవడం కష్టమవుతోంది. దివిసీమ ఇక్కణ్ణించి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అందుకునేంత దూరం. రోజు రోజుకీ అది ఆవిడకి హాలెండంత దూరమైపోతోంది. అది మాకు కనపడలేదు. మేం ఆవిడని బతికించే పనిలో ఉన్నాం.

నీడమ్మాయి మాత్రం వార్డు అయ్యాక ఆవిడ దగ్గరే కూర్చునేది. వదినకి ఏం చెప్పారని తను అడిగితే, ఘంటసాలావిడ కథంతా కాలవతో సహా దానికీ ఇంగ్లీషులో చెప్పాను. నేను పిలిచినట్టే తనూ "వదినా" అని పిలిచేది. వరసలు దానికేం తెలుసు? "నాకు తెల్ల మరదలొకతి దొరికింది. ఇది నీలా కోతలు కోయదు" అని వదిన నన్ను ఉడికించేది. ఇంటి నుంచి తన మైనం పుల్ల తెప్పించుకుని, ఒక జత కమ్మలకి రాళ్ళు పెట్టడం ఆ పిల్లకి చూపించింది. పుల్ల మీంచి రాయి జారి దుప్పట్లో పడితే ఇద్దరూ వెతుక్కునేవారు.

ఒక మధ్యాహ్నం నేను కారియర్ పట్టుకుని వెళ్ళేసరికి వదిన ఆ పిల్ల మణికట్టు పట్టుకుని ఉంది.

"అమ్మాయ్, నువ్వు చెప్పు. క్రిస్మస్ దాకా ఆగనా?"

ఆ పిల్ల నన్ను చూసింది. ముఖం కందగడ్డలా అయిపోయింది.

"దాన్ని చూడకు. అది గుడివాడది. నన్ను చూడు."

నేను నోరు తెరిచాను. ఘంటసాలావిడని మళ్ళీ లేపుదామనే తెరిచాను. ఈలోపు నీడమ్మాయి మెల్లగా, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అంది:

"వదినా... బియ్యం... నిండుకున్నాయి."

పక్క మంచం వాళ్ళకి అర్థం కాలేదు. బియ్యం సంగతి ఇప్పుడెందుకని చూశారు. వదిన మాత్రం ఆ పిల్ల చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత నవ్వింది. కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే నవ్వింది.

"చూశావటే! లేవు అనలేదు. ఎంత మర్యాదగా చెప్పిందో చూశావా నా మరదలు! నువ్వూ ఉన్నావు, వడ్లూ తూర్పారా గోంగూరా అంటూ. నువ్వు అబద్ధమాడేప్పుడు వివరాలెక్కువే, పిచ్చిదానా. ఆ కాలవ దగ్గర తడుముకోలేదు చూడు, అప్పుడే అనుకున్నా ఇది పెద్దదేనని."

నేను కారియర్ కింద పెట్టి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"ఏడవకు. డబ్బా సంగతి తెలిస్తే మనిషి తన ఏర్పాట్లు తను చూసుకుంటుంది. మూత పెట్టి కూర్చుంటారేంటే మీరంతా? మా తమ్ముడికి చెప్పు, రేపు కారు కావాలి."

మా ఆయన ఆ పిల్ల మీద ఎగిరిపడ్డారు. తర్వాత నా మీద. "ఆ మాట నేర్పింది నువ్వు కాదూ?" అన్నారు. నేనే. డాక్టరుగారు నీడమ్మాయిని గదిలోకి పిలిచారు, నేనూ వెళ్ళాను.

"పేషెంటుతో జబ్బు గురించి మాట్లాడావా?"

"లేదు సార్. బియ్యం గురించి మాట్లాడాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు. "బియ్యం గురించి రూలేమీ లేదు" అన్నారు చివరికి, కిటికీ వైపు చూస్తూ.

వరండాలోకొచ్చాక ఆ పిల్ల ఏడ్చింది. చెప్పకపోతే తప్పనుకుంది ఇన్నాళ్ళూ. చెప్పాక వదిన ముఖం చూశాననీ, ఇలా ఉంటుందని తెలియదనీ అంది. "మా దేశంలో ఇది చెప్పేసి మేం గదిలోంచి వెళ్ళిపోతాం ఆంటీ. ఇక్కడ వెళ్ళడానికి చోటు లేదు. నేను ఆవిడ మంచం మీదే కూర్చుని ఉన్నాను."

మర్నాడు వెనక సీట్లో దిళ్ళు పేర్చి వదినని పడుకోబెట్టాం. తల నా ఒళ్ళో. కాళ్ళు నీడమ్మాయి ఒళ్ళో. ముందు మా ఆయన, డ్రైవరు. గొయ్యి వచ్చినప్పుడల్లా ఆవిడ పళ్ళు బిగించేది. చల్లపల్లి దాటాక, "అబద్ధం చెప్పవే, దారి తరగట్లేదు" అంది.

నాకు నోరు రాలేదు. జీవితంలో మొదటిసారి. గిల్లింది. అప్పుడు చెప్పాను, ఈ నీడమ్మాయి ముత్తాతకి ముత్తాత ఇదే దారిన పల్లకీలో వెళ్తూ మోపిదేవి దగ్గర దిగి, మీ వాళ్ళింట్లో మజ్జిగ తాగి, డబ్బులివ్వబోతే తీసుకోకపోతే, మా వంశంలో ఎవరో ఒకరు వచ్చి ఈ బాకీ తీరుస్తారని మాటిచ్చి వెళ్ళాడని.

"ఆ మజ్జిగిచ్చిన ఇల్లు కాలవకి..."

"ఇవతల... కాదు కాదు, అవతల... ఆ రోజుల్లో కాలవ లేదు వదినా!"

"హమ్మయ్య" అని కళ్ళు మూసుకుంది. "ఇది మామూలు అబద్ధం."

పులిగడ్డ దాటాక తల ఎత్తి కూర్చోబెట్టమంది. అవనిగడ్డ, నాగాయలంక. ఊళ్ళో వాళ్ళ చిన్నాన్న కొడుకు ఇంట్లో దిగాం. పీతల పులుసు కావాలంది. రెండు ముద్దలు తింది, మూడోది పళ్ళెం అంచున పెట్టి చూస్తూ కూర్చుంది. సాయంత్రం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు పట్టుకుని ఏటి మొగ దాకా తీసుకెళ్ళారు. ఆవిడ నీళ్ళ వైపు చూస్తూ చెప్పుల్లోంచి కాళ్ళు తీసి తడి ఇసకలో పెట్టించుకుంది. వాచిన పాదాలు అక్కడ రెండు గుంటలు చేశాయి.

సమాధుల తోటలో అమ్మ పక్కన చోటుని చేత్తో చూపించి తమ్ముడితో అంది. "ఇక్కడ. బందర్లో కాదు. ఆయన పక్కన పాతికేళ్ళు పడుకున్నాను, చాలు. ఇప్పుడు మా అమ్మ దగ్గర."

మా ఆయన "ఆ మాటలొద్దు" అనలేదు. వంగి, అక్కడ మొలిచిన ముళ్ళకంప పీకడం మొదలుపెట్టారు. చేతులు చీరుకుపోతున్నా పీకుతూనే ఉన్నారు.

తిరిగి బందరు రానంది. వారం తిరక్కుండానే, తెల్లారాక, నేను కాఫీ కలుపుతుండగా పోయింది. దగ్గర నీడమ్మాయి ఉంది. సెలవు అడిగి వచ్చి మా వెంటే ఉండిపోయింది. చెవులకి వదిన సగం పొదిగిన కమ్మలు పెట్టుకుంది. ఒకదానికి రాళ్ళు నిండుగా ఉన్నాయి, రెండోదానికి గుంటలు.

వీధిలో వెళ్తున్న చేపల గంపావిడ ఏడుపు విని గుమ్మం దగ్గర ఆగింది. "ఏమైందమ్మా?" అని ఎదురుగా ఉన్న ఆ పిల్లనే అడిగింది.

"నూరేళ్ళు నిండాయండి" అంది నీడమ్మాయి.

ఆవిడ గంప దించి పక్కన పెట్టి, కొంగు నెత్తిన కప్పుకుంది. ఆ పిల్ల నా వంక చూసింది, ఏమైనా తప్పుగా అన్నానా అని. దిద్దడానికి ఏమీ లేదు.

సమాధి అయ్యాక మర్నాడు బస్సులో ఇద్దరమే బందరు తిరిగొచ్చాం. మా ఆయన అక్కడే ఆగారు. ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. వచ్చిన బోర్డునల్లా కూడబలుక్కుంటోంది. ఘంటసాల వైపు దారి చూపించే బోర్డు కనపడగానే అది చదివి, ఉలిక్కిపడినట్టు నా వైపు తిరిగింది.

"ఆంటీ, ఆ లేడీ ఊరు ఇదే కదా? వడ్లు తూర్పారబట్టిందని చెప్పారు. బతికిందిగా. ఆవిడని చూడాలని ఉంది. ఇల్లు కాలవకి అవతల అన్నారు."

పాపం, అది నమ్మింది. ఇన్ని రోజులూ ఆ ఒక్కావిడైనా బతికిందని మనసులో పెట్టుకుని తిరిగింది. ఆవిడ మనవడి పేరు నా నాలిక చివరిదాకా వచ్చింది. ఇంటి ముందు మునగచెట్టు వచ్చింది. అడ్డుప్రశ్న వేసేవాళ్ళెవరూ బస్సులో లేరు.

"లేదమ్మా" అన్నాను.

ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు చూసి, నా చేతి మీద చెయ్యి వేసి, ఆ పిల్ల మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.